నాయకత్వానికి ఓనమాలు మెస్ కమిటీలో

ఏటా జులై, ఆగస్టు నెలల్లో ఢిల్లీలోని విశ్వవిద్యాలయాల్లోనూ, జాతీయ రాజధాని ప్రాంతంలో భాగమైన సోనీపత్, గ్రేటర్ నోయిడా, గురుగ్రామ్‌లలోని విద్యాసంస్థల్లోనూ చేరి, హాస్టల్ గదుల్లో పెట్టెలు దించుకునే కొత్త విద్యార్థుల్లో తెలుగు రాష్ట్రాల పిల్లలు కూడా ఉంటారు. వీరిలో చాలామందికి హాస్టల్ జీవితం కొత్తేమీ కాదు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కళాశాలల్లో గడిపి, గంట కొట్టగానే లేచి, స్టడీ అవర్‌కు గంట కొట్టగానే పుస్తకం తెరిచి, మళ్లీ గంట కొట్టాకే నిద్రపోయిన అనుభవం వారికి ఉంది. అయితే ఆ రెండేళ్లలో ఏ పూట ఏం వండాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఆదివారం ఎలా గడపాలి అన్న చిన్న విషయాల్లో కూడా వారి మాటకు చోటు లేదు. ఢిల్లీ హాస్టల్‌లో గంట కొట్టేవారు ఉండరు. పైగా హాస్టల్ నడపడంలో విద్యార్థులకూ భాగం ఉంటుంది. ఈ రెండు స్థితుల మధ్య ఉన్న దూరాన్ని మొదటి ఏడాదిలో ఎలా దాటించాలన్నదే ప్రాంగణాల్లో నాయకత్వ శిక్షణకు అసలు ప్రశ్న.

నాయకత్వమంటే వేదిక, మైకు, పదవి అన్న భావన మన సమాజంలో బలంగా పాతుకుపోయింది కాబట్టి ఆ మాటను ముందుగా కాస్త విడమరచుకోవాలి. విద్యార్థుల నాయకత్వంపై పరిశోధించిన అమెరికన్ విద్యావేత్తలు అలెగ్జాండర్ ఆస్టిన్, హెలెన్ ఆస్టిన్ తమ సహచరులతో కలిసి 1996లో సామాజిక మార్పు నమూనా అనే ఒక చట్రాన్ని వెలువరించారు. పదవి ఉన్నా లేకపోయినా నలుగురితో కలిసి ఒక మంచి మార్పు తేవడానికి పూనుకునే ప్రక్రియే నాయకత్వమని ఆ నమూనా సారాంశం. తనను తాను తెలుసుకోవడం, మాటకూ చేతకూ పొంతన ఉండటం, నిబద్ధత, కలిసి పనిచేయడం, ఉమ్మడి లక్ష్యం, భిన్నాభిప్రాయాన్ని మర్యాదగా ఎదుర్కోవడం, పౌర బాధ్యత అన్న ఏడు విలువలను అది పేర్కొంటుంది. వీటిలో ఉపన్యాస కళ లేకపోవడం గమనించదగ్గది. అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లోనే ప్రతిపాదించిన మరో సిద్ధాంతం ప్రకారం, విద్యార్థి ఎదుగుదల అతను కళాశాల జీవితంలో పెట్టే కాలాన్నీ శక్తినీ బట్టి ఉంటుంది. కళాశాల ప్రభావంపై 1993లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో ఆయన, డిగ్రీ విద్యార్థిపై అందరికంటే ఎక్కువ ప్రభావం చూపేది తోటి విద్యార్థుల బృందమేనని తేల్చారు. ఇవి అమెరికా ప్రాంగణాల నుంచి వచ్చిన నిర్ధారణలు. ఢిల్లీలో హాస్టల్ సీటు దొరికేది కొద్దిమందికే కాబట్టి బయటి ఊళ్ల నుంచి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమంది అద్దె గదుల్లోనో, పేయింగ్ గెస్ట్ వసతుల్లోనో ఉంటారు. అయినా రోజంతా తోటివారి మధ్యే గడిచే హాస్టల్‌కు తోటి బృందం గురించి ఆస్టిన్ చెప్పిన మాట మరింత వర్తిస్తుంది.

ఆ బృంద జీవితం దగ్గరగా చూడాలంటే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, అంటే జేఎన్‌యూ, మంచి ఉదాహరణ. 1969లో మొదలైన ఈ విశ్వవిద్యాలయంలో హాస్టళ్లకు గంగ, యమున, జీలం, సట్లెజ్, పెరియార్, కావేరి, సాబర్మతి అంటూ నదుల పేర్లు పెట్టారు. విద్యార్థినుల హాస్టళ్లలో ఒకటి గోదావరి. విదేశీ భాషల్లో డిగ్రీ చేసే మొదటి ఏడాది పిల్లలు పరిశోధక విద్యార్థులతో ఒకే మెస్‌లో కూర్చొని తింటారు. మెస్ నిర్వహణలో విద్యార్థుల కమిటీకి, అందులో మెస్ సెక్రటరీకి కీలక పాత్ర ఉంటుంది. సరుకుల నిల్వ చూడటం, వంటవారితో మాట్లాడి వారపు జాబితా ఖరారు చేయడం, నెలాఖరున ఒక్కొక్కరి బిల్లు తేలేలా చూడటం వంటి పనులు ఆ కమిటీ దృష్టిలో ఉండాలి.

ఈ బిల్లు లెక్క పైకి కనిపించేంత తేలికైనది కాదు. ఉదాహరణకు ఒక హాస్టల్‌లో 300 మంది ఉన్నారనీ, నెలకు 30 రోజుల చొప్పున మొత్తం 9,000 భోజన దినాలు అవుతాయనీ అనుకుందాం. ఆ నెలలో 50 మంది ఆరేసి రోజులు ఊళ్లకు వెళ్లి, ముందుగా రాసిచ్చి రిబేటు, అంటే తినని రోజులకు మినహాయింపు, తీసుకుంటే భోజన దినాలు 8,700కు తగ్గుతాయి. సరుకులకు 8,70,000 రూపాయలు ఖర్చయితే రోజుకు తలకు వంద రూపాయలు పడుతుంది. రిబేటు రిజిస్టరు చూడకుండా 9,000తోనే భాగించిన సెక్రటరీ రోజుకు 96 రూపాయల 67 పైసల చొప్పున బిల్లు వేస్తాడు. వసూలయ్యేది 8,41,000 మాత్రమే, 29,000 రూపాయలు లోటు. కిరాణా వ్యాపారికి ఆ బాకీ ఎలా తీర్చాలో, వచ్చే నెల ఏ కూర తగ్గించాలో, జరిగిన పొరపాటు 300 మంది ముందు ఎలా ఒప్పుకోవాలో ఆ కమిటీ తేల్చుకోవాలి. రెండు రోజుల నాయకత్వ శిబిరంలో ఎన్ని ఆటలు ఆడించినా ఇలాంటి పాఠం అందదు, ఎందుకంటే శిబిరంలో తప్పు చేసినవారికి మర్నాడు తప్పు తాలూకు భోజనం వడ్డించరు.

లెక్క తేలాక అభిరుచుల సమస్య మొదలవుతుంది. దక్షిణాది విద్యార్థికి మధ్యాహ్నం అన్నం, పెరుగు తప్పనిసరి. హరియాణా, ఉత్తరప్రదేశ్ పిల్లలకు రొట్టె వేడిగా రావాలి. ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవారికి తమ రుచి ఒక్కటీ జాబితాలో కనిపించదు. నవరాత్రులు వస్తే ఉపవాసం ఉండేవారికి విడిగా వండాలి. మాంసాహారం రోజున శాకాహారులకు దానికి దీటైన వంటకం లేకపోతే అది డబ్బు విషయంగా మొదలై మర్యాద విషయంగా మారుతుంది. ఇవి తేలిగ్గా తీసుకోదగిన సంగతులు కావు. 2022 ఏప్రిల్ 10న శ్రీరామనవమి నాడు జేఎన్‌యూ కావేరి హాస్టల్‌లో రెండు విద్యార్థి వర్గాలు ఘర్షణ పడి కొందరు గాయపడ్డారు. మాంసాహారాన్ని అడ్డుకున్నారని ఒక వర్గం, పూజకు అడ్డుపడ్డారని మరో వర్గం ఆరోపించాయి. ఆస్టిన్‌ల నమూనా చెప్పిన భిన్నాభిప్రాయ మర్యాదకు అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఒకే బల్ల మీద ఇద్దరికీ చోటు దొరికేలా ముందే మాట్లాడి ఒప్పించగల పద్దెనిమిదేళ్ల కమిటీ సభ్యుడు, రేపు ఏ ఉద్యోగంలోనైనా, ఏ ఊరి పంచాయతీలోనైనా అక్కరకు వచ్చే పని నేర్చుకున్నట్టే.

మెస్ హాలు భోజనాలకే పరిమితం కాదు. రాత్రి భోజనాలయ్యాక అదే హాలులో బయటి వక్తను పిలిచి సభ పెట్టడం, ప్రశ్నలు సంధించడం జేఎన్‌యూలో పాత ఆనవాయితీ. పెద్ద నిర్ణయాలకు సర్వసభ్య సమావేశం జరుపుతారు. అందులో ఎవరైనా తీర్మానం ప్రతిపాదించవచ్చు, సవరణ కోరవచ్చు, చివరకు చేతులెత్తి ఓటేస్తారు. విద్యార్థి సంఘ ఎన్నికలను విద్యార్థులతోనే ఏర్పడిన ఎన్నికల సంఘం నడుపుతుంది. అధ్యక్ష అభ్యర్థుల బహిరంగ చర్చ వినడానికి ప్రాంగణమంతా తరలివస్తుంది. కొత్త విద్యార్థి తొలి ఏడాది వీటిలో ఎక్కువగా శ్రోతే. అయితే తీర్మానం ఎలా రాస్తారు, ఓడిన పక్షం మర్నాడు గెలిచినవారితో కలిసి ఎలా పనిచేస్తుంది అన్నవి అతను కళ్లారా చూస్తాడు. తెలుగు కుటుంబంలో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, 1969లో ఢిల్లీ వచ్చిన సీతారాం ఏచూరి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో డిగ్రీ చేశాక జేఎన్‌యూలోనే విద్యార్థి సంఘ అధ్యక్షుడయ్యారు. 1977లో, అత్యవసర పరిస్థితి ముగిసిన తరువాత, ఇందిరా గాంధీ విశ్వవిద్యాలయ కులపతి పదవికి రాజీనామా చేయాలన్న వినతిపత్రాన్ని ఆమె నివాసం వద్ద ఆమె ఎదుటే ఆయన చదివి వినిపించారు. అటుపై ఆమె ఆ పదవి నుంచి తప్పుకున్నారు. రాజకీయంగా ఎవరు ఏ వైపు ఉన్నా, అధికారంలో ఉండి వచ్చిన వ్యక్తి ముందు నిలబడి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవడం ఒక్కరోజులో అబ్బే విద్య కాదని ఒప్పుకుంటారు.

విద్యార్థి ఎన్నికల్లో డబ్బూ, బలప్రదర్శనా పెరిగిపోవడంతో, ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా పనిచేసిన జె.ఎం.లింగ్డో నేతృత్వంలోని కమిటీ 2006లో కొన్ని సిఫార్సులు చేసింది. డిగ్రీ విద్యార్థులు 17 నుంచి 22 ఏళ్ల మధ్య వయసులోనే పోటీ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి, ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, అచ్చువేసిన పోస్టర్లు వాడకూడదు అన్నవి వాటిలో ముఖ్యమైనవి. సుప్రీంకోర్టు అదే ఏడాది వీటిని అమలు చేయమంది. ఈ సిఫార్సులకూ తమ పాత పద్ధతికీ పొసగని అంశాలపై వచ్చిన వివాదంతో జేఎన్‌యూలో 2008లో నిలిచిన ఎన్నికలు తిరిగి 2012లో జరిగాయి. ఆ నాలుగేళ్లలో చేరిన మొదటి ఏడాది విద్యార్థులు సంఘం లేని ప్రాంగణాన్ని చూశారు.

ఇతర ప్రాంగణాలు వేరువేరు దారులు పట్టాయి. పర్వతాల పేర్లున్న హాస్టళ్లు గల ఢిల్లీ ఐఐటీలో హాస్టల్ నిర్వహణ, క్రీడలు, కళలు, విద్యార్థి సంక్షేమం వంటి రంగాలకు విడివిడిగా మండళ్లు ఉన్నాయి. ఒక్కో హాస్టల్‌కు హౌస్ సెక్రటరీ, మెస్ సెక్రటరీ వంటి పదవులు ఉంటాయి. సంక్షేమ మండలి తరఫున పై తరగతి విద్యార్థులు కొత్తవారికి మార్గదర్శులుగా ఉంటారు. రాండెవూ వంటి ఉత్సవాల నిర్వహణలో మొదట చిన్న పనులు, తరువాత పెద్ద పనులు అప్పగించే మెట్ల వరుస ఉంది కాబట్టి అక్కడ నాయకత్వం ఎన్నికకంటే పనిని బట్టి సాగుతుంది. 1899లో స్థాపించిన హిందూ కళాశాలలో 1935 నుంచి విద్యార్థుల పార్లమెంటు ఉంది. ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకుడు అన్న పదవులతో అది సాగుతుంది. సోనీపత్‌లో 2014లో మొదలైన అశోకా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు స్థాపించుకున్న పార్టీలు జాబితాలు ప్రకటిస్తాయి, వచ్చిన ఓట్ల దామాషాలో స్థానాలు దక్కుతాయి. ఈ మూడింటిలో ఏది మేలైనదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేకపోవచ్చు. కానీ మొదటి ఏడాది విద్యార్థికి ఏదో ఒక పని చేతిలో పెట్టి, దానికి జవాబు చెప్పుకొనేలా చేసే ఐఐటీ పద్ధతి, మాట్లాడటం రాని పిల్లలకు కూడా తలుపు తెరుస్తుంది.

నాయకత్వం ఎప్పుడూ కమిటీ గదిలోంచే రాదు. ఢిల్లీలోని చాలా విద్యార్థినుల హాస్టళ్లలో రాత్రి ఫలానా వేళలోపు తిరిగి రావాలన్న నిబంధన, అదే సంస్థలోని అబ్బాయిలకు లేకుండా, ఏళ్ల తరబడి ఉండేది. 2015 ఆగస్టులో జామియా మిలియా ఇస్లామియాలో విద్యార్థినులకు రాత్రి ఆలస్యంగా రావడానికి ఉన్న అనుమతిని రద్దు చేసినప్పుడు మొదలైన పింజ్రా తోడ్ ఉద్యమం, అంటే పంజరం పగలగొట్టాలన్న ఉద్యమం, ఢిల్లీలోని ఇతర ప్రాంగణాలకూ పాకింది. హాస్టల్ నిబంధనలు సేకరించడం, ఏ కళాశాలలో ఏ వేళో పట్టిక వేయడం, మహిళా కమిషన్‌కు అర్జీ పెట్టడం వంటి పనులు ఆ ఉద్యమానికి బలమిచ్చాయి. ఆ అమ్మాయిలకు అప్పటివరకు ఏ నాయకత్వ తరగతీ ఎవరూ పెట్టలేదు. తమకు జరుగుతున్నదాన్ని నలుగురికీ వివరించాల్సిన అవసరమే వారిని తీర్చిదిద్దింది.

ఈ సందర్భంలో తెలుగువారు గుర్తు చేసుకోవాల్సిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టిన ఆమె, 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో పద్నాలుగేళ్ల వలంటీరుగా ద్వారం వద్ద నిలబడ్డారు. టికెట్టు లేనిదే ఎవరినీ వదలవద్దని చెప్పారు కాబట్టి జవహర్‌లాల్ నెహ్రూను కూడా ఆపారు. నిర్వాహకులు మందలించినా తనకు అప్పగించిన నియమమే పాటించానని చెప్పి, టికెట్టు వచ్చాకే లోపలికి పంపారు. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలనుకుంటే, మహిళలకు హాస్టల్ లేదన్న కారణంతో ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి ఆమెను చేర్చుకోవడానికి సంకోచించారు. దుర్గాబాయి పత్రికల్లో ప్రకటన ఇచ్చి, చదువుకోవాలనుకునే మరికొందరు యువతులను కూడగట్టి, తామే వసతి ఏర్పాటు చేసుకొని సీటు సాధించారు. లేని హాస్టల్‌ను ఏర్పాటు చేసుకొని చదువు దక్కించుకున్న ఆ విద్యార్థినే తరువాత ఢిల్లీలో 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. ధౌలాకువా దగ్గర తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఏర్పాటుకు కృషి చేసినవారిలోనూ ఆమె ఉన్నారు. ఆ కళాశాలకు పక్కనే ఉన్న మెట్రో స్టేషన్‌కు నేడు ఆమె పేరే ఉంది. రోజూ అక్కడ దిగే తెలుగు విద్యార్థుల్లో ఎంతమందికి ఆ పేరు వెనుక కథ తెలుసో ఆలోచించవలసిందే.

తెలుగునాట హాస్టళ్లకు కూడా ఇలాంటి చరిత్ర బలంగా ఉంది. హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో వెలసిన రెడ్డి హాస్టల్‌ను కొంతకాలం సురవరం ప్రతాపరెడ్డి నిర్వహించి, అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించినప్పుడు, ఆ ఉద్యమంలో భాగంగా చదువు మధ్యలో ఆగి నాగపూర్‌కు వెళ్లాల్సివచ్చిన యువకుల్లో పి.వి.నరసింహారావు ఒకరు. అలాంటి నేలమీద, 1980ల చివరి నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు నిలిచిపోయాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థల్లో మాత్రమే అవి కొనసాగాయి. ఇంటర్ గంటల క్రమశిక్షణ ఒకవైపు, ఎన్నికలు లేని డిగ్రీ కళాశాలలు మరోవైపు ఉండటంతో, ఢిల్లీ చేరే తెలుగు విద్యార్థికి ర్యాంకు ఉంటుంది కానీ సభలో లేచి నిలబడిన అలవాటు ఉండదు. దీనికి తోడు హిందీ సరళంగా రాకపోవడం, ఇంగ్లిష్‌లో మాట్లాడితే ఎవరు నవ్వుతారో అన్న జంకు. అందుకే చాలామంది మొదటి నెలల్లోనే తెలుగు పిల్లల బృందంలో ఒదిగిపోయి, ఉగాది పండుగ తప్ప మరే కార్యక్రమం వైపూ రారు. పండుగ చేయడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పండుగకు పక్క గదుల మలయాళీనీ, మణిపురీనీ పిలిచి, ఖర్చుల లెక్క అందరి ముందు పెడితే అది కూడా నాయకత్వ పాఠమే అవుతుంది.

హాస్టల్‌లో మరో రకం పెత్తనం కూడా ఉంటుంది, దాన్నే నాయకత్వమని భ్రమపడేవారు ఉంటారు. ర్యాగింగ్ పేరిట కొత్తవారిని కించపరిచే సీనియర్ తన చుట్టూ భయాన్ని మాత్రమే పోగేసుకుంటాడు. ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన రాఘవన్ కమిటీ నివేదిక తరువాత, హిమాచల్‌లో ఒక వైద్య విద్యార్థి ప్రాణాలు కోల్పోయిన 2009లోనే, విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం, అంటే యూజీసీ, నిబంధనలు తెచ్చింది. ర్యాగింగ్ నిరోధక కమిటీలు ఏర్పాటు చేయాలనీ, విద్యార్థీ తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలనీ ఆ నిబంధనలు చెబుతాయి. ఫిర్యాదుకు 1800-180-5522 నంబరు ఉంది. మానసికంగా కుంగిన విద్యార్థికి టెలీ మానస్ 14416 అందుబాటులో ఉంది. పక్క గదిలోని మిత్రుడు రెండు పూటలు మెస్‌కు రాకపోతే వెళ్లి తలుపు తట్టడం, అవసరమైతే ఆ నంబరుకు ఫోన్ చేయించడం, ఏ పదవీ లేనివారు కూడా చేయగల పని.

ప్రభుత్వం వైపు నుంచి ప్రయత్నాలు లేకపోలేదు. యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరిట కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమానికి మార్గదర్శకాలు వెలువరించింది. అదే ఏడాది జీవన్ కౌశల్ అనే పాఠ్యప్రణాళికలో భావప్రసార నైపుణ్యాలతో పాటు నాయకత్వాన్నీ చేర్చింది. 2022 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయం నాలుగేళ్ల డిగ్రీలో విలువలు, నైపుణ్యాల కోర్సులు పెట్టింది. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల శిబిరంలో ఊళ్లో ఉండాలి. వీటిలో సేవా పథకానిదే పై చేయి అని చెప్పక తప్పదు. తరగతి గదిలో నాయకుని లక్షణాలు ఏకరువు పెట్టి పరీక్షలో అవే అడిగే కోర్సు, విద్యార్థికి క్రెడిట్లు ఇస్తుందేమో గానీ ఎవరికీ జవాబు చెప్పాల్సిన స్థితిలోకి నెట్టదు.

కాబట్టి మార్చవలసిన విషయాలు కాగితం మీద చిన్నవే. హాస్టల్ కమిటీల్లో పదవులన్నీ సీనియర్లకే వెళ్లే చోట కనీసం రెండు స్థానాలు మొదటి ఏడాదివారికి కేటాయించాలి. వారికి చప్పట్లు కొట్టే పని మాత్రమే ఇవ్వకుండా రిబేటు రిజిస్టరో, గ్రంథాలయ గది తాళమో, క్రీడాసామగ్రి లెక్కో అప్పగించాలి. లెక్క తప్పితే వార్డెన్ వెంటనే లాక్కోకుండా, సర్వసభ్య సమావేశంలో వివరణ చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. సమావేశంలో హిందీ రానివారికి ఇంగ్లిష్‌లోనో, అవసరమైతే తమ భాషలోనో మాట్లాడే వీలు కల్పించి పక్కవారు అనువదించాలి. తల్లిదండ్రుల వంతు కూడా ఉంది: ఢిల్లీ నుంచి ఫోన్ చేసిన బిడ్డ మెస్ కమిటీలో చేరానంటే, చదువు పాడవుతుందని వెంటనే ఆపకుండా, పనికీ చదువుకూ వేళలు ఎలా పంచుకుంటున్నావని అడిగితే చాలు. ఈ విద్యాసంవత్సరం గదులు కేటాయించే వార్డెన్లు, కమిటీల జాబితా కూడా అదే వారంలో తెరిచి ఉంచి, మొదటి ఏడాది పేర్లు కనీసం రెండైనా అందులో ఉండేలా చూడాలి.